కిలో రాయి

సూర్యాపేట షూటింగ్ రేంజ్‌లో పిస్టళ్ల నూనె వాసన తగలగానే మా మేనమామ మీద పాత కోపం భగ్గుమంది.

మిర్యాలగూడలో ఆయనకు రైసుమిల్లు, ఒక ఎయిర్ పిస్టల్ ఉండేవి. "కాల్చుడు నేర్పు మామా" అంటే నా చేతిలో కిలో తూకం రాయి పెట్టాడు. "చెయ్యి చాపి గోడ దిక్కు సూడు. వణికితే మళ్ల మొదలు!"

వేసవంతా అదే శిక్ష! వడ్లు తెచ్చిన రైతులు "ఏం తప్పు చేసిండు పిలగాడు?" అని జాలిపడేవారు. నల్లగొండ జిల్లా మొత్తం నన్ను వడ్లదొంగనుకుంది. ఒక్క గుండైనా పేల్చనిస్తేనా!

ఇప్పుడు మా అమ్మాయి చేతా కోచ్ ఖాళీ పిస్టల్‌తో తెల్లగోడకు గురిపెట్టిస్తున్నాడు. "ఇదేం అన్యాయం?" అని ఎగిరాను. ఆయన పిస్టల్ నా చేతిలో పెట్టాడు. అచ్చం ఆ రాయి బరువే. చాపిన చెయ్యి ఇసుమంతైనా వణకలేదు.

"ఎక్కడ నేర్చుకున్నరు సార్?"

"నేర్చుకోలే," అన్నాను, కోపం చల్లారకుండానే. "రాయి మోసిన."