బాబాయి ఒళ్లో పోసిన చారు

ఆ రోజు బాబాయి ఒళ్లో వేడి చారు నా చెయ్యి జారి పడలేదు. నేను కావాలనే పోశాను. ఈ మాట అమ్మకి చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు.

నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవి అది. నూజివీడు దగ్గర మా మామిడితోటకీ బాబాయి తోటకీ ఒకటే హద్దు. ఆ హద్దు మీది చిన్నరసాల చెట్ల వరస కోసం నాన్నకీ ఆయనకీ తగువు. ఆ ఏడాది కోతల్లో నాన్న మనుషులు బాబాయి పాలేరు తల పగలగొట్టారు. మర్నాడు బాబాయి మనుషులు మా కోత మనిషి చెయ్యి విరిచారు. చివరికి పెద్దమనుషులు కూర్చుని ఆ వరస నాన్నదేనని తేల్చారు. మా వైపు రాజీ అయిందంటే తగువుపడ్డ ఇద్దరూ ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుని తినాలి. ఆ భోజనం మా ఇంట్లోనే పెట్టారు.

బాబాయి వచ్చిన దగ్గర్నుంచీ ఏదో తేడాగా ఉంది. ఎండాకాలం ఎవరింటికి వెళ్లినా ముందు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించే మనిషి, ఆ రోజు గుండీలన్నీ పెట్టుకునే కూర్చున్నాడు. కుడి మోచెయ్యి డొక్కకి అదిమిపెట్టి, మంచినీళ్ల చెంబు ఎడమ చేత్తో అందుకున్నాడు. మా చిన్నచెల్లి ఎప్పటిలాగే ఒళ్లోకి ఎక్కబోతే తోసేశాడు. బంతిలో అందరూ బాసింపట్టు వేసుకుంటే ఆయనొక్కడే ఒక కాలు చాపుకున్నాడు.

“ఏవయ్యా, ఓడిపోయేసరికి కాలు కూడా మడత పడట్లేదా?” అని ఒక పెద్దాయన వేళాకోళమాడాడు. బాబాయి నవ్వలేదు, మోకాలు నొప్పి అన్నాడు.

పప్పు వెయ్యడానికి వంగినప్పుడు చూశాను. చెమటకి ఒంటికి అంటుకున్న చొక్కా, పంచెముడి దగ్గర మాత్రం లేచి ఉంది. గుండీల సందులోంచి చెక్క పిడి కనిపించింది. బాబాయి ముద్ద కలుపుతున్నాడే కానీ నోట్లో పెట్టుకోవడం లేదు. పక్కనున్న నాన్న ఎంతవరకూ తిన్నాడో చూస్తున్నాడు. నాన్న చెయ్యి కడుక్కోవడానికి లేచి వీపు తిప్పితే ఏం జరుగుతుందో నాకు అర్థమైంది.

అరుద్దామనుకున్నాను. అరిస్తే ఆయన చెయ్యి ముందు నడుం మీదికే పోతుంది. వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద మరుగుతున్న చారుగిన్నె మసిగుడ్డతో దింపి తెచ్చాను. నడుం నుంచి తొడల దాకా గిన్నె ఖాళీ అయ్యేలా పోశాను.

బాబాయి కేక పెట్టి ఎగిరి లేచాడు. పంచె ఊడింది. నాటు పిస్తోలు నాన్న విస్తట్లో, పెరుగు కోసం ఉంచుకున్న అన్నంలో పడింది.

నాన్న ఎంగిలి చేత్తోనే ఆయన జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. కాయలు కోసే కర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బకి పళ్లు రాలాయి. రెండో దెబ్బకి మణికట్టు విరిగిన చప్పుడు వినపడింది. చారుకి కాలి, తోలు లేచిన తొడల మీదే మళ్లీ మళ్లీ కొట్టాడు. పెద్దమనుషులు అరుగు మీద నిలబడి చూశారు. ఒకాయన, వాడికి కావాల్సిందే అన్నాడు. బాబాయి అరవడం మానేశాడు. నాన్న కొట్టడం మానలేదు. ఇంకాసేపైతే మా వాకిట్లోనే హత్య జరుగుతుంది, చేసేది నాన్న.

వెళ్లి మధ్యలో నిలబడ్డాను. కర్ర నా ముంజేతి మీద పడింది.

“తప్పుకోవే,” అన్నాడు నాన్న.

“చంపేస్తున్నావు నాన్నా.”

అంతమంది మగాళ్ల ముందు నేను నోరు తెరవడం అదే మొదటిసారి. నాన్న వాస్తున్న నా చేతి వంక చూసి కర్ర పారేశాడు.

పిల్ల చెయ్యి జారింది కాబట్టి నాన్న ప్రాణం నిలబడిందని తర్వాత ఊరంతా చెప్పుకున్నారు. బాబాయి బతికాడు. కుడి చెయ్యి మాత్రం పనికి రాకుండా పోయింది. తోట అమ్ముకుని జి. కొండూరు వైపు వెళ్లిపోయాడు. మళ్లీ నాకు కనపడలేదు. ఆ రోజు ఆసుపత్రికని ట్రాక్టరు ఎక్కిస్తుంటే నన్ను దగ్గరికి రమ్మని తల ఊపి, నోట్లో నెత్తురు ఉమ్మి, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు:

“పోసేటప్పుడు నీ చెయ్యి అసలు వణకలేదమ్మా. నేను పొద్దుటినుంచీ వణుకుతూనే ఉన్నా.”