డూగల్ కుక్కకు గురువారం ఆకలి ఉండదు

కుక్కకు తిండి పెట్టడంలో ఇంత సంగతి ఉంటుందని డూగల్ మక్రేను చూసేదాకా నాకు తెలియదు. పెడితే తింటుంది, పెట్టకపోతే మన మొహం చూస్తుంది, అంతే కదా అనుకునేవాణ్ణి. ఆయన తన కుక్క ఫెన్‌కు పచ్చి మాంసం పెట్టే తీరు చూస్తే మాత్రం పసిబిడ్డకు మందు పడుతున్నాడేమో అనిపించేది.

మాది భూగోళం దక్షిణపు చివర, ఒటాగో కొండల్లో గొర్రెల ఫారం. నా పేరు క్లైవ్. ఇంటి ఆవు పాలు పితకడం, కూరగాయల మడులు చూడడం, గురువారం గురువారం మూడు గొర్రెలను కోయడం నా పని. ఒకటి మనుషులకు, రెండు కుక్కలకు. డూగల్ కాపరి. నాకంటే అయిదేళ్ళు పెద్ద, అరవై ఆరు నిండాయి. పెళ్ళీ పెటాకులూ లేవు. నలభై ఏళ్ళుగా వాగు పక్కన అదే రేకుల గదిలో ఉంటున్నాడు. ఆ గదిలో ఒకే కుర్చీ ఉండేది. ఎవరైనా వెళ్తే, వాళ్ళను కూర్చోబెట్టి తను నిలబడేవాడు. అందుకే ఎవరూ ఎక్కువసేపు కూర్చునేవాళ్ళు కాదు. అది మర్యాదో ఎత్తుగడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఫెన్ నల్లటి కుక్క, మెడ చుట్టూ తెలుపు, పొట్ట కింద జానెడు బొచ్చు. అరవదు. మందకు దూరంగా చుట్టు తిరిగి ముందుకు వెళ్ళి, వంగి, కళ్ళతోనే ఆపేస్తుంది. కొండ మీద ఒక్క రోజులో డూగల్ తిరిగిన దానికి నాలుగింతలు పరిగెడుతుంది. అలాంటిదానికి ఏం పెట్టాలో ఆయన దగ్గర పెద్ద లెక్కే ఉండేది. కొండెక్కిన రోజు ఎముకతో సహా ముందు జబ్బ. ఊరికే ఉన్న రోజు మెడ ముక్క. ఆదివారం నీళ్ళు తప్ప ఏమీ లేదు. పొద్దున్నే దాని వెనక తిరిగి, అది దొడ్డికి కూర్చున్న చోట పుల్లతో కెలికి చూసేవాడు. తెల్లగా పొడి పొడిగా ఉంటే ఎముక ఎక్కువైనట్టు, జారుగా ఉంటే కొవ్వు ఎక్కువైనట్టు. తర్వాత దాని బొచ్చు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఆ సాయంత్రం ఏం పెట్టాలో తేల్చేవాడు. ఉడికిన ఎముక మాత్రం చచ్చినా పెట్టడు. అది చీలికలై పేగులో గుచ్చుకుంటుందట.

ఇక ఫ్రీజర్ సంగతి. కుక్కల కోసం కోసిన గొర్రె గడ్డకట్టి పది రోజులు ఉండాలి. ఆ తర్వాతే కుక్క నోటికి. గొర్రె కండలో బియ్యపు గింజంత నీటి బుడగలు ఉండొచ్చు. కుక్క వాటిని పచ్చిగా తింటే కడుపులో బద్దెపురుగులవుతాయి. కుక్క గడ్డిలో దొడ్డికి కూర్చుంటే ఆ పురుగుల గుడ్లు మేతతో మళ్ళీ గొర్రెల్లోకి వెళ్తాయి. పది రోజుల చలికి బుడగ చస్తుంది. మా వైపు బడికి వెళ్ళే పిల్లలకు కూడా ఇది తెలుసు. డూగల్ ఇంకాస్త ముందుకు వెళ్ళి, ఒక్కో గురువారం గొర్రెల కాళ్ళకు ఒక్కో రంగు పురికొస కట్టేవాడు. ఈ వారం నీలం, వచ్చే వారం నారింజ, ఆ పై వారం తెలుపు. రెండు గురువారాలు దాటితే గాని ఏ రంగూ విప్పేవాడు కాదు.

ఫిబ్రవరిలో కబేళా నుంచి కబురు వచ్చింది. మేం పంపిన గొర్రెపిల్లల్లో నలభైకి పైగా పనికిరాలేదట, గుండెల్లో, కండల్లో అవే బుడగలు. ఫారం చూసుకునే రోవెనా ముప్పై దాటని పిల్ల, మాట తక్కువ. ఆమె తొమ్మిది కుక్కల పెంటనూ డబ్బాల్లో పెట్టి పశువుల డాక్టరుకు పంపించింది. ఎనిమిది శుభ్రం. ఒక్క ఫెన్ కడుపులోనే పురుగు.

ఆ మాట విని నేను నవ్వాను. డాక్టరు డబ్బాలు తారుమారు చేసి ఉంటాడన్నాను. డూగల్ నవ్వలేదు. రెండోసారి పంపించమన్నాడు. పంపించారు. మళ్ళీ ఫెనే.

రోవెనా అందరినీ ఉన్ని షెడ్డుకు పిలిచి, రేపటి నుంచి పచ్చి మాంసం బంద్, అన్ని కుక్కలకూ బస్తాల్లో వచ్చే ఎండు మేత గుళికలే అని చెప్పింది. తర్వాత డూగల్ వైపు తిరిగింది.

"మీరు తప్పు చేశారని నేననట్లేదు. కానీ దీనికి పచ్చి మాంసం ఎక్కడో దొరుకుతోంది. అదెక్కడో తేలితే మీ ఫ్రీజర్ మీదే. తేలకపోతే ఏప్రిల్లో, చలికాలం రాకముందు పైనుంచి మందల్ని దింపేటప్పుడు ఫెన్ కొండెక్కదు."

"అది ఎక్కకపోతే నేనూ ఎక్కను అమ్మాయ్," అన్నాడు డూగల్.

కొండెక్కని కాపరికి వాగు పక్కన గది ఉండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఫెన్‌కు కడుపులో పురుగులు పోయే మందు పడింది. గుళికలు మాత్రం పడలేదు. మూడు రోజులు గిన్నె వాసన చూసి వెళ్ళి పడుకుంది. నాలుగో రోజు ఎవరికో ఉపకారం చేస్తున్నట్టు నాలుగు నమిలింది. మిగతా కుక్కలు ఆ గుళికలే తిని దుక్కల్లా తయారయ్యాయి, అది వేరే సంగతి. నెల తిరిగేసరికి ఫెన్ బొచ్చులో చెయ్యి పెడితే పక్కటెముకలు తగిలేవి. బొచ్చులో నూనె పోయింది. మార్చిలో ఒక పొద్దున మంచు పడితే పొట్ట కింద వెంట్రుకలకు గడ్డలు కట్టి, నడవలేక మధ్యలోనే కూర్చుంది. అంతకుముందు మంచు దాని ఒంటి మీద నిలిచేదే కాదు. డూగల్ ఒక్కో గడ్డనూ నోటి ఆవిరితో కరిగించి విడదీశాడు.

ఆ నెలంతా మేమిద్దరం పోలీసుల్లా తిరిగాం. నిజం చెప్పొద్దూ, నాకది మహా సరదాగా ఉండేది. ఫ్రీజర్‌లో థర్మామీటర్ పెట్టి వారం రోజులు చూశాం. సరిగ్గా ఉంది. కొండ మీద చచ్చిన గొర్రెలు ఎక్కడెక్కడ పడ్డాయో వెతికాం. కుందేళ్ళు కొట్టేవాడి కుక్కల మీద అనుమానపడి వాడితో తగువు పెట్టుకున్నాను. ఒకరోజు, గద్ద ఎక్కడినుంచో పక్కటెముక ఎత్తుకొచ్చి దీని ముందు పడేసి ఉంటుందని కూడా అన్నాను.

"వారం వారం తెచ్చి పడేస్తోందా? ఎంత దయగల గద్దరా అది," అన్నాడు డూగల్.

మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం నా వంటింట్లో టీ తాగుతూ ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఫెన్ ఏ రోజు ఏం తిన్నదీ, ఎంత వదిలిందీ అందులో రాసుకునేవాడు. కళ్ళజోడు ముక్కు చివరికి లాగి పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఇది చూడరా. పోయిన మే నుంచి ప్రతి గురువారం సగమే తింది. మిగతా రోజులు గిన్నె నాకేది. గురువారం మాత్రం ఆకలి లేదు. గురువారం ఏం చేస్తాం మనం?"

"నేను గొర్రెలు కోస్తా," అన్నాను.

అన్నాక టీ కప్పు కింద పెట్టేశాను.

ఆ మే నుంచే ఫెన్ నా దగ్గరకు రావడం మొదలుపెట్టింది. మంద పని అయ్యాక, డూగల్ గుర్రం జీను విప్పే లోపల, నేను మాంసం కొట్టే గది గడప దగ్గర కూర్చునేది. ఎవరి చేతి ముద్దా తినని కుక్క నా దగ్గరకు వస్తోందని నాకు పొగరు. ఇంటి గొర్రె గుండెకాయ నా వాటా. సాయంత్రం వేయించుకుని తింటాను. దాంట్లో సగం కోసి ఫెన్‌కు పెట్టేవాణ్ణి. డూగల్ వైపు తిరిగి కూడా చూడకుండా నా వేళ్ళ మధ్యనుంచి తీసుకునేది. కుక్కల గొర్రెను ముట్టుకుంటే కదా తప్పు. ఇది మనుషులు తినే గొర్రె. మనుషుల మాంసానికి పది రోజులేంటి, పురికొసలేంటి? ఒట్టు, నా బుర్రలో అది తిండి కిందకే రాలేదు. చనువు కిందకు వచ్చింది.

ఆయనకు మొత్తం చెప్పాను.

"పచ్చిదేనా?" అన్నాడు.

"వెచ్చగా ఉండేది."

"ఎన్నిసార్లు?"

"ప్రతి గురువారం, అన్నా."

పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఎంగిలి కప్పు తనే కడిగి బోర్లించాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా వంటింట్లో నా కప్పు కడిగి వెళ్ళిపోతే సిగ్గుతో చచ్చిపోయాను.

రోవెనా దగ్గరకు ఆ సాయంత్రమే వెళ్ళాను. మొత్తం విని, "మీ సగం మీరు వేయించుకునేవారు కదా, ఎందుకు?" అని అడిగింది. పచ్చిది ఎవరు తింటారమ్మా అన్నాను. అని, నా మాట నేనే విన్నాను. ఆమె మర్నాడు ఫ్రీజర్ తాళం డూగల్‌కు ఇచ్చింది. కుక్కలన్నిటికీ నెలనెలా మాత్ర వేయాలని, నేను గొర్రె కోసేటప్పుడు గది తలుపు గడియ పెట్టి ఉండాలని చెప్పింది.

ఫెన్‌కు మళ్ళీ మాంసం మొదలైంది. మొదటి రోజు కొంచెం, మర్నాడు ఇంకొంచెం. మూడు వారాల్లో బొచ్చులో నూనె తిరిగొచ్చింది. ఆ మూడు వారాలూ డూగల్ నాతో ఆవు గురించి తప్ప మాట్లాడలేదు. గురువారం నేను గడియ పెట్టుకుంటే ఫెన్ బయట కూర్చునేది. తలుపు కింది సందులో దాని ముక్కు కనిపించేది. గుండెకాయలు గోతిలో పారేశాను. నాకూ తినాలనిపించలేదు.

ఏప్రిల్లో మందల్ని దింపడానికి బయలుదేరిన రోజు కూడా గురువారమే. డూగల్ మూటలు కట్టుకుని, నేను మాంసం కొట్టే గది తలుపు తట్టి లోపలికి వచ్చాడు. పళ్ళెంలో ఉన్న మూడు గుండెకాయలూ తీసి, సంచిలో వేసి, జేబులోంచి పసుపు పురికొస తీసి మూతి కట్టాడు. ఆ రంగు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఇది నీ రంగు. ఫ్రీజర్‌లో పెట్టు. పది రోజులు కాకముందు విప్పావా, చెయ్యి విరుస్తా."

ఆయన వెళ్ళాక చాలాసేపు ఆ సంచి పట్టుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

తొమ్మిదో రోజు మందలు దిగాయి. పైన రెండుసార్లు మంచు పడిందట, ఫెన్ ఒంటి మీద ఒక్క గడ్డ లేదు. తిన్నగా వచ్చి నా గడప దగ్గర కూర్చుంది. ఫ్రీజర్ మూత మీద చెయ్యి వేసి కూడా తీసేశాను. ఇవాళ కాదే, ఇంకొక్క రోజు అన్నాను. పదో రోజు పూర్తిగా గడిచాక సంచి తీసి, గుండెకాయ మెత్తబడేదాకా ఆగి, సగం కోసి చేతిలో పట్టుకున్నాను. డూగల్ కంచెకు ఆనుకుని పైపులో పొగాకు నింపుకుంటున్నాడు.

ఫెన్ వచ్చింది. ముక్కు నా వేళ్ళకు ఆనించింది. తినలేదు. వెనక్కి తిరిగి డూగల్ వైపు చూసింది. ఆయన తల ఊపాకే తింది.