ముగింపు తెలిస్తేనే సినిమా

మా ఇంటి ఆంటీ పోయారన్న కబురు గురువారం మధ్యాహ్నం వచ్చింది. ఆఫీస్‌లో మీటింగ్ జరుగుతుండగా వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. బయటికి వచ్చి ఎత్తాను. "అమ్మ..." అని ఆగిపోయాడు. ఆ తర్వాత అతను చెప్పిందేదీ నాకు సరిగా గుర్తు లేదు. పార్కింగ్‌లో కార్ ఎక్కడ పెట్టానో తెలియక, వెతికిన వరసలోనే మళ్ళీ మళ్ళీ వెతికాను. ఆమె గుండె ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టర్ చెప్పి అప్పటికి రెండు రోజులే అయింది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. మేముండే ఈ క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళ పండగల్లో ఆమె ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. పెద్ద గిన్నెడు పులిహోర కలిపి తెచ్చి, తను మాత్రం అన్నిటికంటే వెనక, తలుపు పక్క కుర్చీలో కూర్చునేవారు. ముందుకు రమ్మంటే, "వద్దులే, ఏదైనా అయితే బయటపడాలిగా" అనేవారు. నేను ఆమె ఇంట్లో మేడ మీద గదిలో ఉంటాను. చదువుకోవడానికి వచ్చినప్పుడు అద్దెకు దిగాను. ఉద్యోగం వచ్చాక కూడా ఆ గది వదలబుద్ధి కాలేదు. మా మధ్య చుట్టరికం లేదు.

ఆమె భయస్తురాలు. ఆమెను తక్కువ చేయడానికి చెప్పడం లేదు, నేనూ భయస్తురాలినే. ఇల్లు కదిలేముందు స్టవ్ మీటలన్నీ కట్టేసి, వాటిని ఫోన్‌లో ఫోటో తీసుకునేవారు. కొట్లో కూరగాయలు ఏరుతూ ఏరుతూ ఆ ఫోటో తెరిచి చూసి, "ఆఁ, కట్టే ఉంది" అని బెండకాయల మీదికి వెళ్ళేవారు. పొగకు స్మోక్ అలారం మోగుతుందని దేవుడికి బ్యాటరీ దీపం పెట్టేవారు. నేను తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే వణికేదాన్ని. వెనక పోలీస్ కార్ కనిపిస్తే ఏ తప్పూ చేయకుండానే చెమటలు పట్టేవి. వీసా సంగతి ఎవరైనా ఎత్తితే అన్నం సహించేది కాదు. అలాంటప్పుడు ఆమె కంచం నా ముందుకు జరిపి, "భయపడితే తప్పు లేదే అమ్మాయ్. భయపడి అన్నం మానేస్తేనే తప్పు" అనేవారు.

ఇంత భయస్తురాలికి ఇష్టమైనవి ఏమిటంటే టీవీలో వచ్చే క్రిస్మస్ సినిమాలు.

ఈ దేశంలో ఉన్నవాళ్ళకు వాటి గురించి చెప్పక్కర్లేదు. నవంబర్‌లో మొదలవుతాయి. పెద్ద ఊళ్ళో ఉద్యోగం చేసే అమ్మాయి ఏదో పని మీద చిన్న ఊరికి వెళ్తుంది. అక్కడ క్రిస్మస్ చెట్లు పెంచే అబ్బాయో, బేకరీ నడిపే అబ్బాయో ఉంటాడు. మొదట పేచీ, తర్వాత వేడి వేడి కోకో, చివరికి మంచులో ముద్దు. పిల్లలతో కూర్చుని హాయిగా చూడొచ్చు. అందరూ ఊసుపోకకు చూసే ఆ సినిమాలను ఆంటీ ప్రాణాలు అరచేత పట్టుకుని చూసేవారు.

శనివారం మధ్యాహ్నం ఎదురింటి ఆంటీ వచ్చేవారు. ఆమెది వరంగల్ వైపు. వెంట ఇక్కడే పుట్టి హైస్కూల్ చదువుతున్న కూతురు. తెర మీద హీరోయిన్ నిచ్చెన ఎక్కి చెట్టుకు దీపాలు కడుతుంటే మా ఆంటీ సోఫా అంచుకు వచ్చేసేవారు.

"ఎక్కించారు. ఇంక పడుతుంది చూడు."

పడేది. హీరో పట్టుకునేవాడు.

"సరే, పట్టుకున్నాడు. పట్టుకోకపోతే? నడుం విరిగేది. దీనికి ఇన్సూరెన్స్ ఉందో లేదో."

"అక్కా, నువ్వు సినిమా చూస్తున్నవా, యాక్సిడెంట్ కేస్ రాస్తున్నవా?" అని ఎదురింటి ఆంటీ నవ్వేవారు. "గంత అందగాడు పట్టుకుంటే నేనైతే రోజుకొక్కసారి పడుదు."

"అమ్మా, స్టాప్!" అని కూతురు మొహం దిండులో దాచుకునేది. తర్వాత దిండులోంచే మా ఆంటీకి ధైర్యం చెప్పేది. "ఆంటీ, ఇది రొమాన్స్. ఇందులో ఎవరూ చచ్చిపోదు. అది రూల్."

"రూల్ వాళ్ళకి తెలుసు, మంచుకి తెలుసా తల్లీ?"

పరదా పక్కన కొవ్వొత్తి పెడితే ఆమెకు భయం. గడ్డకట్టిన చెరువు మీద స్కేటింగ్ చేస్తే భయం. హీరోయిన్ ఉద్యోగం మానేసి ఆ ఊళ్ళోనే ఉండిపోతానంటే అన్నిటికన్నా ఎక్కువ భయం. "నెలజీతం మానుకుని బిస్కట్లు కాలుస్తుందట! పండగ వెళ్ళాక ఎవరు కొంటారే?" అక్కడ మాత్రం నేనూ ఆమె పక్షమే.

ఇక మంచు రోడ్డు మీద కార్ వెళ్తుంటే ఆమె కూర్చోలేకపోయేవారు. లేచి వంటగదిలోకి వెళ్ళి, మాకు వీపు పెట్టి, స్టవ్ ముందు నిలబడేవారు. ఆ ఇంట్లో వంటగదికీ హాల్‌కీ మధ్య గోడ లేదు. టీ కాగిపోయినా అటే తిరిగి నిలబడి, "రోడ్డు అయ్యాక చెప్పండి" అనేవారు.

అసలు ఆమె ఏ సినిమా అయినా చూడడానికి ఒక పద్ధతి ఉండేది. సినిమా ముందుగా రికార్డ్ చేసి పెట్టాలి. శనివారం పూట నేను చివరికి జరిపి ముగింపు ఒక్కటీ చూడాలి. అంతవరకూ ఆమె హాల్లోకి రారు, వంటగదిలోంచి అడుగుతూ ఉంటారు.

"కలిశారా?"

"కలిశారు ఆంటీ. మంచు పడుతోంది."

"వాళ్ళ తాత? ముసలాయన ఉన్నాడా?"

"ఉన్నాడు. చప్పట్లు కొడుతున్నాడు."

"అందరూ ఉన్నారా?"

"అందరూ ఉన్నారు."

"కుక్క?"

"కుక్క కూడా ఉంది ఆంటీ."

అప్పుడు టీ కప్పులతో వచ్చి కూర్చుని, "ఇప్పుడు మొదట్నుంచి పెట్టు" అనేవారు. ముగింపు తెలిశాక కూడా నిచ్చెన దగ్గర భయపడడం మానేవారు కాదు. తెలియకపోతే అసలు కూర్చోలేరు, అంతే.

ఒకసారి ఉతికిన బట్టలు మడతపెడుతూ, ఇంత భయపడుతూ ఇవి ఎందుకు చూస్తారని అడిగాను. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి, మామూలు గొంతుతోనే చెప్పారు. అప్పట్లో వాళ్ళుండేది బాగా మంచు పడే ఊళ్ళో. క్రిస్మస్ వారంలో అంకుల్ ఆఫీస్ నుంచి వస్తుంటే కార్ జారింది. ఆమె ఆసుపత్రిలో కూర్చున్న చోట గోడ మీద టీవీలో ఇలాంటి సినిమాయే వస్తోంది. శబ్దం లేదు. ఆకుపచ్చ కోటు వేసుకున్న అమ్మాయి ఏడుస్తూ, పెట్టె తీసుకుని కార్ ఎక్కుతోంది. సరిగ్గా అప్పుడు డాక్టర్ వచ్చాడు.

"ఆయన ఏం చెప్పబోతున్నాడో మొహం చూస్తేనే అర్థమైంది. ఆ పిల్ల ఏమైందో మాత్రం ఇప్పటికీ తెలీదు" అన్నారు. "ఇదేనేమో, ఇదేనేమో అని అన్నీ చూస్తుంటా. అందరికీ ఆకుపచ్చ కోట్లే. ఏదని పట్టుకోను?"

దుప్పటి కొసలు కలిపాం. 

నా సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మా ఇంట్లో బడి గడప తొక్కినవాళ్ళలో నేనే మొదలు. మా అమ్మ మిరపకోతలకు వెళ్తుంది, సంతకం రాదు. మొదటి పరీక్ష, మొదటి హాస్టల్, మొదటి విమానం, ఏదైనా సరే, నాకంటే ముందు వెళ్ళి చూసి, అక్కడ ఫలానా మలుపుంది, చివరికి బాగానే ఉంటుంది అని చెప్పినవాళ్ళు మా ఇంట్లో లేరు. నా భయానికి కారణం ఇదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆంటీయే ఒకరోజు వీడియో కాల్‌లో మా అమ్మతో అన్నారు.

"పిల్ల తింటందా వదినా?" అని అమ్మ అడిగింది. మా అమ్మకు అడగడానికి వేరే ప్రశ్న లేదు.

"తింటోంది, నేనుండగా తినకేం? కాకపోతే ప్రతిదానికీ వణుకుతుంది. దాని తప్పు కాదులే వదినా. ముగింపు చెప్పేవాళ్ళు లేకుండా సినిమా చూస్తోంది పాపం."

అమ్మకు ఆ మాట అర్థమైందో లేదో. మేడ మెట్లు దిగుతూ విన్న నాకు మాత్రం అక్కడే కూర్చుండిపోవాలనిపించింది.

ఆంటీ గుండెలో ఒక కవాటం పాడైందని, ఆపరేషన్ చేయాలని డాక్టర్లు చెప్పి ఏడాది దాటింది. ఆమె వాయిదా వేస్తూ వచ్చారు. వేసవి కానీ అన్నారు, దసరా కానీ అన్నారు. ఈ చలికాలం వచ్చేసరికి మెట్లెక్కడం మానేశారు. నాకు చెప్పాల్సిందేదైనా ఉంటే కింద నుంచి ఫోన్ చేసేవారు. ఇంట్లో దగ్గు వినబడితే నేను మెట్లు దిగి వచ్చి చూసేదాన్ని. ఆపరేషన్ చేయించుకోకపోతే ఎక్కువ కాలం ఉండరని వాళ్ళబ్బాయి తనుండే ఊరు ఫ్రిస్కో నుంచి ఫోన్ చేసి నాకు విడిగా చెప్పాడు. "మీరు చెప్తే వింటుందేమో" అన్నాడు. చేయించుకోమని చెప్పడానికీ భయమే, చెప్పకపోవడానికీ భయమే. పప్పు పోపు పెడుతూ, అటు తిరిగే, చెప్పాను.

ఆమె నా వెనకే వచ్చి నిలబడ్డారు. తర్వాత, "అయితే చివర చూసొచ్చి చెప్పు" అన్నారు.

హాస్యానికి అన్నారనుకుని వెనక్కి తిరిగాను. హాస్యం కాదు. పిల్లలు అడిగినట్టు అడుగుతున్నారు. అందరూ ఉన్నారు ఆంటీ అనేస్తే సరిపోయేది. నోరు రాలేదు.

"ఇది నాకు తెలీదు ఆంటీ."

"మరి నీకు విమానం ఎక్కేముందు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"భయమెయ్యలేదూ?"

"ఇప్పటికీ వేస్తోంది."

ఆమె పోపు గరిటె నా చేతిలోంచి తీసుకున్నారు. ఆవాలు మాడిపోతున్నాయి. "సరే అయితే. నేనూ అట్లాగే వెళ్తా" అన్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున బయల్దేరేముందు స్టవ్ ఫోటో తీశారు. కార్ నేనే నడిపాను, ఆమె దారి పొడుగునా ముందు సీట్లో కూర్చుని బ్రేక్ ఉన్నట్టు కాలు తొక్కుతూనే ఉన్నారు. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు ఫోన్ నా చేతికిచ్చి, "కట్టే ఉంది, మళ్ళీ చూడక్కర్లేదు" అన్నారు.

ఫ్రిస్కో నుంచి వచ్చిన వాళ్ళబ్బాయీ నేనూ కూర్చున్న చోట గోడ మీద టీవీ ఉంది. డిసెంబర్ కదా, ఏం వస్తుంది? అదే. వాళ్ళబ్బాయికి అది చూడగానే మొహం మారిపోయింది, ఛానల్ మార్చమని అడగడానికి లేచాడు. నేను వద్దన్నాను. తలుపు తెరుచుకున్నా తల తిప్పకుండా, కళ్ళు తెర మీదే పెట్టుకున్నాను. ఈసారి మధ్యలో ఎవరూ రాకూడదు, ఇది చివరిదాకా చూసి ఆమెకు చెప్పాలి. అంత భయపడుతూ నేను ఏ సినిమానూ చూడలేదు. మంచు పడింది, ముద్దు పెట్టుకున్నారు. అది అయిపోయి వంటల ప్రోగ్రామ్ మొదలయ్యాక డాక్టర్ వచ్చి, బాగా జరిగింది అన్నాడు. వాళ్ళబ్బాయి నా భుజం పట్టుకుని ఏడ్చాడు.

మర్నాడు ఆమె కళ్ళు తెరిచినప్పుడు నన్ను కాసేపు చూడనిచ్చారు. గొట్టాల మధ్య చాలా చిన్నగా ఉన్నారు.

"సినిమా మొత్తం చూశాను ఆంటీ. అందరూ ఉన్నారు" అన్నాను.

పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"కుక్క?"

"ఉంది ఆంటీ. కుక్క కూడా ఉంది."

కళ్ళు మూసుకున్నారు. నేను విన్న ఆఖరి మాట అదే. ఆ మరుసటి రోజు, నేను ఆఫీస్‌లో ఉండగా, మెదడులో రక్తం గడ్డకట్టిందట. అప్పుడప్పుడూ అలా జరుగుతుందని చెప్పారు. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడు నీకెవరే?" అంది. 

అంత్యక్రియలు అయ్యాక వచ్చిన శనివారం ఎదురింటి ఆంటీ, కూతురు అలవాటుగా వచ్చేశారు. వచ్చాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. "పెట్టు బిడ్డా, ఏదో ఒకటి నడవనీ" అన్నారు ఎదురింటి ఆంటీ. మా ఆంటీ రికార్డ్ చేసి ఉంచినదే ఒకటి పెట్టాను. చివరికి జరపలేదు. నిచ్చెన దగ్గర ముగ్గురం సోఫా అంచుకు వచ్చాం. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల కూడా రూల్ గుర్తు చేయలేదు.

తర్వాత మంచు రోడ్డు వచ్చింది. నేను లేచి వంటగదిలోకి వెళ్ళి, వాళ్ళకు వీపు పెట్టి, ఆమె నిలబడే చోట స్టవ్ ముందు నిలబడ్డాను.

స్టవ్ పైన, కళ్ళకు ఎదురుగా మైక్రోవేవ్ ఉంది. దాని తలుపు నల్లటి అద్దం. ఆ అద్దంలో నా భుజం మీదుగా హాలంతా కనిపిస్తోంది. సోఫాలో ఇద్దరి తలలు, వాటి అవతల టీవీ. బొమ్మ అగ్గిపెట్టెంత. కుడి ఎడమైనా స్పష్టంగానే ఉంది.

టీ కాగిపోయినా ఆమె తిరిగి నిలబడింది ఇటే. నేను టీ పెట్టలేదు. అటే చూస్తూ నిలబడ్డాను. నల్లటి అద్దంలో, తెల్లటి రోడ్డు మీద, రెండు చిన్న దీపాలు వేసుకుని ఆ కార్ మెల్లగా మలుపు తిరుగుతోంది.