శాంతయ్య తుడవనివ్వని బీరువాలు

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, జొన్నసంగటి తిని, శాంతయ్య కిటికీ గట్టు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా రాశాడు. కొసన ఉన్న చెంబు తగిలింది. నీళ్లు తాగి నులకమంచం మీద నడుం వాల్చాడు.

"ఈడ దుమ్మేమీ లేదులేయ్యా. ఇది నీ లైబ్రరీ కాదు, నేను ఊడ్చుకునే ఇల్లు" అంది భార్య జీవమ్మ.

ఆయన నవ్వాడు. "నేరేడుపండు రంగు చీర నీకు బాగుంటాది" అన్నాడు కళ్లు మూసుకొని.

అలాంటి మెప్పులు విని విని ఆమెకు ఒళ్లు మండేది. పొద్దు వాలినాక లేపబోతే శాంతయ్య లేవలేదు.

శాంతయ్యది కోసిగి దగ్గరి పల్లె. వానలు లేని ఏడు అమ్మానాన్న కూలికి వలసపోతూ పిల్లవాణ్ణి మిషన్ హాస్టల్లో దిగబెట్టి పోయారు. చదువుకొని, కర్నూలులో మిషన్ వాళ్ల ట్రైనింగు స్కూల్లో పుస్తకాలు అందించే పనికి కుదిరాడు. ఆ స్కూలు నడిపే దొర ఆయన్ను ఒక వేసవి మద్రాసుకు పంపి గ్రంథాలయం పని నేర్పించాడు. అక్కణ్ణుంచి వచ్చాక శాంతయ్య కుదురుగా కూర్చున్నది లేదు. ఈ పుస్తకం ఎవరు చదువుతున్నారు, ఆ పుస్తకం ఎందుకు చదవడం లేదు అని వచ్చినవాణ్ణల్లా అడిగేవాడు. ఎవరి చేతికైనా అందాలని బీరువాల తలుపులు కూడా ఊడదీయించాడు.

యుద్ధం రోజుల్లో మిషన్ కమిటీ వాళ్లు లైబ్రరీ రిజిస్టరు తిరగేశారు. తెలుగు పుస్తకాలను ఇంటికి తీసుకుపోయినవాడు ఒక్కడూ లేడు. అవి ఉన్న మూడు బీరువాలూ ఆత్మకూరు బడికి పంపేద్దామన్నారు. శాంతయ్య ఒప్పుకోలేదు. కిరసనాయిలు దొరకక హాస్టల్లో దీపాలు లేవు, అందుకే పిల్లలు పుస్తకం తీసుకుపోకుండా బీరువా దగ్గరే నిలబడి చదువుతున్నారని ఆయన వాదన. రుజువేమిటన్నారు వాళ్లు.

రుజువు కోసం శాంతయ్య ఒక పని చేశాడు. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన నాటి నుంచి ఆ బీరువాలు తుడవొద్దని బంట్రోతు బసవన్నకు చెప్పేశాడు. ఆషాఢంలో ఎండిన హంద్రీ ఏటి ఇసుకంతా గాలికి లేచి ఊరి మీద పడుతుంది. కదలని పుస్తకం మీద ఆ దుమ్ము మందంగా పేరుకుంటుంది. చెయ్యి పడిన పుస్తకం మీద నిలవదు, అది లాగిన దారి అర మీద చారలా కనబడుతుంది. శనివారం శనివారం ఆ చారలను బట్టి ఏ పుస్తకం కదిలిందో రాయించేవాడు.

రాసేది జ్ఞానమణి. ప్రాథమిక తరగతుల పంతులమ్మ, విధవరాలు. గొడుగు వేసుకొని నడుస్తుంది, దొరసానితో ఇంగ్లీషు మాట్లాడుతుంది. జీవమ్మకు అక్షరం ముక్క రాదు.

శనివారం వస్తే జీవమ్మకు అన్నం సయించేది కాదు. ఆ ఇద్దరూ బీరువా ముందు భుజం భుజం తగిలేటంత దగ్గరగా నిలబడి ఉండటం ఆమె లైబ్రరీ కిటికీలోంచి చూసింది. ఇంట్లో చూస్తే ఆయన మనిషి మారిపోయాడు. ఆమె ముఖంలోకి చూసి మాట్లాడడు. రోజూ దాటే గడపే తన్నుకుంటాడు. బైబిలు తెరిచి వాక్యం చెబుతాడు కానీ పేజీ తిప్పడు. మనసు ఎక్కడ ఉందో తెలుస్తూనే ఉందనుకునేది జీవమ్మ.

అన్నిటికన్నా ఆదివారాన్ని ఆమె ఓర్చుకోలేకపోయేది. ఆరాధన ముగిసి బయటికొచ్చే వేళ ఆయన ఆడవాళ్ల వాకిలి దగ్గర జ్ఞానమణి పక్కకు పోయి మెల్లగా ఏదో అడిగేవాడు. ఆమె తిరిగి జీవమ్మ వైపు ఒకసారి చూసి ఒక్క మాట చెప్పేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ తర్వాత ఇంటిదారిలో ఆయన జీవమ్మ చీరను మెచ్చుకునేవాడు. చెంపదెబ్బ కొట్టి చేతిలో బెల్లం పెట్టినట్టుండేది ఆమెకు.

పక్కింటి సంతోషమ్మ ఊరుకునే రకం కాదు. "ఆయమ్మ పక్కన లేకుంటే మీ ఆయప్పకు పుస్తకమే కనపడదంట గదమ్మా" అని ఒకరోజు బావి దగ్గర అందరి ముందూ అంది.

కమిటీ వాళ్లు వచ్చే రోజు దగ్గరపడింది. కాగితం మీద రాసినవి ఎవరైనా రాసుకోవచ్చు, ఆ దుమ్మేదో మా కళ్లకు చూపించమన్నారు వాళ్లు. ముందురోజు శాంతయ్య, జ్ఞానమణి ఆ మాట మాట్లాడటానికే దొర గదికి పోయారు. జీవమ్మ బొక్కెనతో నీళ్లు, పాత చీర గుడ్డ పట్టుకొని లైబ్రరీకి పోయింది. అయ్యే తుడవమన్నాడని బసవన్నతో చెప్పింది. ఒక్కో పుస్తకం దింపి, అర తుడిచి, పుస్తకం తుడిచి మళ్లీ పెట్టింది. తుడుస్తున్నంతసేపూ ఆ ఇద్దరూ నిలబడిన చోటే తుడిచేస్తున్నట్టు ఆమె చేతికి ఊపు వచ్చింది.

తిరిగి వచ్చిన జ్ఞానమణి వాకిట్లోనే నిలబడిపోయింది. శాంతయ్య లోపలికొచ్చి అర మీద చెయ్యి పెట్టాడు. తడి తగిలింది.

"ఎవరు?"

"నేనే. పంతులమ్మ గారు నిలబడే చోటు అంత దుమ్ముగా ఉంటే మర్యాదేనా?"

తిడతాడని చూసింది. తిడితే తనూ నాలుగు అడుగుదామని కాచుకొని ఉంది. ఆయన చాలాసేపు ఆ తడి అర మీద నుంచి చెయ్యి తీయలేదు.

"శానా బాగా తుడిచినావు జీవమ్మా" అన్నాడు.

కమిటీ వాళ్లకు మెరిసే బీరువాలు కనబడ్డాయి. ఎవరు తుడిచారని అడిగితే పొరపాటు జరిగిందన్నాడే తప్ప పెండ్లాం పేరు ఎత్తలేదు. ఆ వారమే మూడు బీరువాలూ ఎద్దులబండ్ల మీద ఆత్మకూరు దారి పట్టాయి. ఆయన బసవన్నతో పాటు బండి వెనక కొయ్య పట్టుకొని కల్లూరు దాకా నడిచి వచ్చాడు. దాంతో పీడ వదిలిందనుకుంది జీవమ్మ. కానీ ఆదివారాల గుసగుస మాత్రం ఆగలేదు, ఆయన పోయిన ఆదివారం దాకా.

సమాధి చేసిన మూడో రోజు జ్ఞానమణి వచ్చింది. జీవమ్మ చాప వేయలేదు.

"ఇప్పుడన్నా చెప్పమ్మా. నీకూ ఆయప్పకూ ఏముండాది?"

జ్ఞానమణి నిలబడే చెప్పింది. శాంతయ్యకు రెండేండ్లుగా చూపు లేదు. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. గ్రంథాలయ సభకని మద్రాసుకు పోయినప్పుడు డాక్టరుకు చూపించుకుంటే, ఇక రాదన్నాడు. తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఉన్న ఇల్లు ఖాళీ చేయాలి, జీవమ్మ దిగులుతో మంచం పడుతుందని ఎవరికీ చెప్పొద్దని తన చేత ఒట్టు వేయించుకున్నాడు. బీరువాల మీద చారలు తను చూసి చెబితే, ఏ పుస్తకమో ఆయన తడిమి చెప్పేవాడు.

జీవమ్మ కిటికీ గట్టు వైపు చూసింది. చెంబు ఆ కొసనే ఉంది.

"మరి చర్చి కాడ?" అంది. "ప్రతి ఆదివారం ఏమడిగేవాడు?"

"మా జీవమ్మ ఈ పొద్దు ఏ రంగు చీర కట్టుకొనొచ్చింది అని. నేను చూసి చెప్పేదాన్ని. మొన్న నేరేడుపండు రంగని చెప్పినా."