కళాయి లేని గుండిగ

కరోనా సద్దుమణిగి పెళ్లిళ్లు మళ్లీ జోరందుకున్న వేసవి అది. అప్పుడు నేను అనంతపురంలో ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుగా ఉన్నాను. పాతరోజుల ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగమే. పేరు పెరిగింది గాని జీపు రాలేదు. రిటైర్మెంటు దగ్గర పడింది. రంగు కలిపిన కారంపొడి, మాడిన నూనెలో మళ్లీ వేయించిన బజ్జీలు చూసి చూసి విసుగెత్తి ఉన్నాను. ఒక మధ్యాహ్నం మా పై అధికారి ఫోన్ చేసి, కళ్యాణదుర్గంలో పెళ్లి భోజనం చేసినవాళ్లు వాంతులు చేసుకుంటున్నారని, వెంటనే వెళ్లమని చెప్పారు. శాంపిల్ సీసాలు, లక్క, సీళ్లు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ముందు ఆసుపత్రికి వెళ్లాను. ప్రాణభయం ఎవరికీ లేదని డాక్టరు చెప్పారు. పెళ్లింటివారి ఆడపడుచు నిండు గర్భిణి కావడంతో ఆమె గురించే అందరి బెంగ. ఆమెకు సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. ఇలాంటి కేసుల్లో మేము అడిగేవి రెండు ప్రశ్నలు: ఏం తిన్నారు, తిన్న ఎంతసేపటికి మొదలైంది. భోజనం పాడై సూక్ష్మజీవులు చేరితే సాధారణంగా కొన్ని గంటలు పడుతుంది. ఇక్కడ కొందరు విస్తరి ముందు నుంచి లేవకముందే కక్కుకున్నారు. జ్వరం లేదు. అన్నం, పాయసం మాత్రమే తిన్న పిల్లలు వరండాలో ఆడుకుంటున్నారు. ట్యాంకరు నీళ్లు ఆ పిల్లలతో సహా అందరూ తాగారు కాబట్టి నీళ్లను అనుమానించే పని లేదు. ధర్మవరం నుంచి వచ్చిన ఒక చుట్టం మాట నాకు దారి చూపింది. "పులిహోర నోట్లో పెట్టుకుంటానే దుడ్డు నాకినట్టుండె మేడమ్," అందామె. దుడ్డంటే నాణెం.

అప్పటికే ఊరు తీర్పు చెప్పేసింది. వంట మేస్త్రీ ఓబుళేసును స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. అతనిది గార్లదిన్నె వైపు పల్లె. వేసవి ముహూర్తాల మీదే ఏడాదంతా ఇల్లు నడవాలి. అతని ఫోటో ఫోన్లలో తిరుగుతోంది. పక్కనే అతని సత్తు గుండిగల ఫోటో కూడా. మావైపు అల్యూమినియాన్ని సత్తు అంటాం. అవి కట్టెల పొయ్యి మీద మసిబారి, సొట్టలు పడి, చూడ్డానికే అసహ్యంగా ఉన్నాయి. జనానికి అంతకంటే రుజువేం కావాలి! నేను ఒక్క ముక్క రాసిస్తే కేసు కడతానని సీఐ అన్నారు. మా చట్టం కూడా మేస్త్రీకే ఎదురు. అది ఆహారం అమ్మేవాడి మీద పనిచేస్తుంది. సొంత పెళ్లిలో చుట్టాలకు అన్నం పెట్టినవాడి జోలికి పోదు. అంటే నా కలం కింద పడగలిగినవాడు అక్కడ ఓబుళేసు ఒక్కడే.

అతన్ని అడిగాను. పులిహోర గుజ్జు ముందురోజు సాయంత్రమే కాచి పెట్టుకోవడం వంటవాళ్ల అలవాటు. చింతపండు పులుసు, బెల్లం, కారం చిక్కబడేదాకా కాచి, రాత్రంతా నిలవుంచి, పొద్దున అన్నంలో కలుపుతారు. అతను దాన్ని ఎప్పుడూ పింగాణీ జాడీల్లోనే పెట్టేవాడు. ఈసారి పెళ్లింటి యజమాని రామసుబ్బయ్య శెట్టిగారు ఒప్పుకోలేదట. ఆయన శెనక్కాయల వ్యాపారి. సత్తు విషమని, ఇత్తడి ఆరోగ్యమని ఫోన్లో ఏదో వీడియో చూసి, తమ ఇంటి ఇత్తడి గుండిగల్లోనే పోయమన్నారట. పోయగా మిగిలింది మాత్రం జాడీలో ఉండిపోయింది.

"కళాయి ఉందా అన్నా అని అడిగితి మేడమ్. బంగారం మాదిరి తోమించినాం, పొయ్యప్పా అనె. జాడీలో మిగిలిండేది మేం కలుపుకొని తింటిమి. మాకేం కాలేదు," అన్నాడు ఓబుళేసు. అడిగాడు గాని, గుండిగలోకి తొంగి చూడలేదు. వేసిన ప్రశ్నకు జవాబు రాలేదని కూడా గమనించలేదు. ఆ మేరకు తప్పు అతనిదీ ఉంది.

కళాయి అంటే ఇత్తడి పాత్ర లోపల పూసే తగరపు పూత. పాత్రను నిప్పుల మీద కాల్చి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో రుద్దుతారు. లోపలంతా వెండిలా తెల్లబడుతుంది. ఆ పూత ఉన్నంతకాలం పులుసు ఇత్తడిని తాకదు. పూత పోయిన పాత్రలో పులుపు నిలవుంచితే ఇత్తడిలోని రాగి అందులోకి దిగి చిలుమెక్కుతుంది, తినగానే వాంతులవుతాయి. ఇది పరిశోధన చేస్తే గాని తెలియని సంగతి కాదు. మజ్జిగ ఇత్తడి చెంబులో పెట్టకూడదని మా అమ్మకు కూడా తెలుసు. కళాయి పోసేవాళ్లు వీధుల్లోకి రావడం మానేశాక ఆ తెలివి కూడా వాళ్లతోపాటే పోయింది. ఇప్పుడు ఇత్తడి తిరిగి వచ్చింది, కళాయి రాలేదు.

కళ్యాణ మంటపానికి వెళ్లి, జాడీ అడుగున మిగిలిన గుజ్జును, కాలువ పక్కన పారబోసిన పులిహోరను వేరువేరుగా శాంపిల్ తీసి సీలు వేశాను. తర్వాత ఇత్తడి గుండిగలు చూపించమన్నాను. శెట్టిగారు సంతోషంగా మనుషుల చేత ఎండలోకి తెప్పించారు. ఎంత శుభ్రంగా ఉన్నాయో నాకు చూపించాలని ఆయన ఆరాటం. పెళ్లి వీడియోలో మెరవాలని మెషిను పాలిషు పట్టించారట, లోపలా బయటా. పైన పటారం లోన లొటారం అంటారు గదా. ఇక్కడ లోపల కూడా పటారమే, వచ్చిన చిక్కల్లా అదే. నేను నోరు తెరిచేలోగా శెట్టిగారి తల్లి లక్ష్మమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి గుండిగలోకి వంగి చూసింది. అవి ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి.

"ఏమప్పా, కళాయి యాడ పోయింది?" అంది కొడుకుతో. "నేను తెచ్చినప్పుడు లోపల తెల్లగుండె."

శెట్టిగారు నన్ను పక్కకు పిలిచి, కడుపుతో ఉన్న కూతురికి తన చేతులతోనే విషం పెట్టాడని లోకం అనుకుంటుందని, వంటవాడి అజాగ్రత్త అని రాసేయమని, వాడి నష్టం తాను చూసుకుంటానని బతిమాలారు. చెడ్డమనిషి కాదు, భయపడ్డారు. ఆయన మీద జాలేసింది, కోపమూ వచ్చింది. చూసిందే రాస్తానని చెప్పాను. గుండిగల్లో కళాయి లేదని, జాడీలోది తిన్నవాళ్లు బాగున్నారని రాసి సీఐకి ఇచ్చాను. చీకటి పడేలోగా ఓబుళేసును వదిలేశారు. శాంపిళ్లు ల్యాబుకు పంపాను. రిపోర్టుకు చట్టంలో ఒక గడువుంది. అది చట్టంలోనే ఉంటుంది.

నా పని అక్కడికి అయిపోయిందనుకున్నాను. కొన్నాళ్లకు ఓబుళేసు మా ఆఫీసుకు వచ్చాడు. ఒప్పుకున్న పెళ్లిళ్లన్నీ ఒక్కొక్కటే చేజారిపోయాయని, తన తప్పు లేదని నేను ఒక కాగితం ఇస్తే ఊళ్లో చూపించుకుంటానని అడిగాడు. అలాంటి కాగితం మా దగ్గర లేదు. తప్పు చేసినవాడికి ఇవ్వడానికి రకరకాల నోటీసులున్నాయి. చేయనివాడికి ఇవ్వడానికి ఒక్క ఫారం కూడా లేదు. ఆ సంగతి అతనికి చెప్పడం నా సర్వీసులో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. అతను వాదించలేదు. "సరే మేడమ్" అని వెళ్లిపోయాడు. తర్వాత బెంగుళూరు రోడ్డులో ఏదో హోటల్లో అంట్లు తోముతున్నాడని విన్నాను.

ఆసుపత్రిలో పడుకున్న శెట్టిగారి కూతురికి క్షేమంగా కాన్పయింది. నామకరణానికి లక్ష్మమ్మ నాకూ కబురు పంపింది. వెళ్తే, పొయ్యి దగ్గర ఓబుళేసు ఉన్నాడు, అవే మసిగుండిగలతో. ఆమె పట్టుబట్టి పిలిపించిందట. పెళ్లికి వచ్చిన చుట్టాలే చాలామంది ఇక్కడికీ వచ్చారు. వంటవాణ్ణి చూసి కొందరు పంక్తిలో కూర్చోకుండా గోడవార నిలబడ్డారు. లక్ష్మమ్మ వెళ్లి మొదటి విస్తరి ముందు కూర్చుని, పులిహోర వడ్డించమంది. ఒక ముద్ద తిని, అందరికీ వినబడేలా చెప్పింది.

"ఆపొద్దు తప్పు మా గుండిగది. తోమించినోడు నా కొడుకు. ఈయప్పది ఏం లేదు. కూర్చోండి, తినండి."

శెట్టిగారు తల దించుకుని తల్లి పక్కనే కూర్చున్నారు. ఆ తర్వాత పంక్తి నిండింది. నేనూ తిన్నాను. మరుసటి మాఘంలో ఓబుళేసుకు మళ్లీ పెళ్లిళ్లు దొరికాయి. పని లేక వదిలేసిన పాత పనివాళ్లను వెతికి పిలుచుకున్నాడు. పులిహోరలో రాగి మోతాదు మించిందని, జాడీ గుజ్జులో దోషం లేదని ల్యాబు రిపోర్టు ఆ తర్వాత వచ్చింది. ఫైలులో పెట్టాను.

ఆ కేసు నాకు రెండు పనులు నేర్పింది. ఏ వంటశాలకు వెళ్లినా పాత్ర బయటి మసిని వదిలేసి, లోపలికి చూడడం ఒకటి. రెండోది, ఒకరి తప్పు లేదని తేలితే కాగితం మీద పెట్టేముందు అక్కడే, నిందించినవాళ్ల ఎదుటే, నోటితో చెప్పడం. అది మా నియమావళిలో లేదు. సర్వీసులో మిగిలిన ఆ కొద్దికాలం అలాగే చేశాను.