మా ఆయన మొలలో ఫ్యూజులు

పెళ్ళికి తలనిండా మల్లెపూలు పెట్టుకొని, వాటి మీద హెల్మెట్ పెట్టుకొని వెళ్ళిన ఆడది మా ఐ.పోలవరం మండలం మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. సరదాపడి కాదు. మా ఆయన కొండబాబు పెట్టించాడు. "బండి తోలేవాడిదే తలకాయా? వెనక కూర్చున్నదానిది కాదా?" అన్నాడు. అమలాపురంలో పెళ్ళిపందిరి దగ్గర దిగి హెల్మెట్ తీసేసరికి పూలన్నీ అప్పడంలా అణిగిపోయి ఉన్నాయి. మా తోడికోడలు ముక్కు మీద వేలేసుకొని, "ఏవే సత్యదుర్గా, నీ పూలమీద ఎవరైనా కూర్చున్నారేంటే?" అంది. ఆ పెళ్ళిలో నేను ఒక్క ఫొటో కూడా దిగలేదు.

మనిషి మంచివాడే. తాగడు, పేక ముట్టడు. ఈ జాగ్రత్త పిచ్చి ఒక్కటే. వీధి చివర టీకొట్టుకి వెళ్ళాలన్నా హెల్మెట్ ఉండాల్సిందే. "ఏవండీ కొండబాబుగారూ, దూరప్రయాణమా అండీ?" అని అరుగు మీదివాళ్ళు ఆటపట్టిస్తే, "ఆయ్, టీకండీ" అని నిదానంగా చెప్పి మరీ వెళ్తాడు. సిగ్గుతో చచ్చేది నేను.

హెల్మెట్ సంగతి సరే, ఫ్యూజుల సంగతి చెప్పాలి. మా ఆయన జనార్దన్‌గారి రొయ్యల చెరువు చూస్తాడు. చెరువులో ఏరేటర్లుంటాయి. వాటి రెక్కలు గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటేనే రొయ్యలకి ఊపిరి. ఆ రెక్కలకి నాచో తాడో చుట్టుకుంటే గుండెలోతు నీళ్ళలోకి దిగి తియ్యాలి. మా పాప పుట్టిన ఏడు, వేరేవాళ్ళ చెరువులో అలా దిగి ఉండగా గట్టు మీద ఒకాయన చూసుకోకుండా స్విచ్ వేశాడు. రెక్క తగిలి భుజం చీలింది. అదృష్టం బాగుండి ప్రాణం దక్కింది.

స్విచ్ వేసిన ఆ పెద్దమనిషి ఆస్పత్రికి బత్తాయిలు పట్టుకొచ్చి, "ఏవీ అనుకోకండి కొండబాబుగారూ, చూసుకోలేదండి" అన్నాడు. మా ఆయన మంచం మీద నుంచే, "ఆయ్, పర్లేదండి" అన్నాడు. పర్లేదట! నాకు ఒళ్ళు మండిపోయింది. మా గోదారోళ్ళ మర్యాద తగలెయ్య, పాడె మీద పడుకోబెట్టినా పర్లేదండీ అనే రకాలు!

పైకి అలా అన్నాడు కానీ, ఆ రోజు నుంచి మా ఆయన ఎవరి మాటా నమ్మడం మానేశాడు. "చెప్పి దిగితే మర్చిపోతారు. బోర్డు రాసి పెడితే చూడరు. ఫ్యూజు నా దగ్గరే ఉందనుకో, ఎవడేం చేస్తాడు?" అనేవాడు. చెరువులో దిగేముందు స్విచ్ కట్టేసి, ఫ్యూజులు పీకి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి మొలలో దోపుకొనేవాడు.

దిగినవాడు పైకొచ్చాక మళ్ళీ పెట్టాలా వద్దా? ఒక్కోసారి మర్చిపోతాడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా ఇదే తంతు. ఓసారి బల్బు మార్చి, ఫ్యూజు మొలలోనే ఉంచుకొని టీకొట్టుకి పోయాడు. మిక్సీలో దోసకాయ పచ్చడి సగం నలిగీ సగం నలక్కా ఉండిపోయింది. తిరిగొచ్చాక నేనన్న మాటలు కాగితం మీద పెట్టేవి కావు.

నేనంటే తిట్టి ఊరుకుంటాను. జనార్దన్‌గారు ఎందుకు ఊరుకుంటారు? ఓ మధ్యాహ్నం ఈయన ఫ్యూజులతో సహా ఇంటికి భోజనానికి వచ్చేస్తే, అక్కడ రొయ్యలు పైకి తేలడం మొదలుపెట్టాయి. "ఇంకోసారి ఇలా చేసేవంటే నీకూ నాకూ చెల్లు కొండబాబూ" అని ఆయన గట్టిగా చెప్పేశారు. అమలాపురం నుంచి ఇంకో జత ఫ్యూజులు కొని తెచ్చి షెడ్డులో పెట్టుకున్నారు కూడా. మా ఆయనకి ఆ పూట అన్నం సయించలేదు.

"ఇంకో జతంటూ ఉన్నాక నా మొలలో ఉన్నవి దేనికే?" అన్నాడు.

"ఉద్యోగం పోతే ఆ ఫ్యూజులే వండుకు తిందాం" అన్నాను.

శ్రావణమాసం, ముసురు పట్టిన రోజు. బండి రిపేరుకిచ్చి, పక్క చెరువు పవన్ బండి వెనక ఎక్కి పనికి వెళ్ళాడు. హెల్మెట్ మామూలే. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకొని వెళ్ళేసరికి ఏరేటర్లన్నీ ఆగి ఉన్నాయి. రొయ్యలు గట్టువారకి చేరుతున్నాయి. అప్పుడే వచ్చిన జనార్దన్‌గారు మొహం కందగడ్డలా చేసుకొని అటూ ఇటూ చూస్తున్నారు.

"చూసేవా అమ్మాయ్! మీ ఆయన మళ్ళీ మొలలో పెట్టుకొని పోయేడు. బండి కూడా లేదు. ఇవాళ్టితో సరి!"

బండి రిపేర్లో ఉందిగా, పవన్ బండెక్కి టీకి పోయుంటాడనుకున్నాను. అయిపోయింది, ఉద్యోగం పోయింది. నీ జాగ్రత్త పాడుగాను అని మనసులో తిట్టుకుంటూ జనార్దన్‌గారి వెనకే షెడ్డులోకి నడిచాను. ఆయన కొత్త ఫ్యూజులు బోర్డుకి గబగబా నొక్కేసి స్విచ్ మీద చెయ్యి వేశారు.

పక్కన మేకుకి మా ఆయన హెల్మెట్ వేలాడుతోంది.

చేతిలో క్యారేజీ ఏమైందో తెలీదు. ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకొని ఇవతలికి లాగేశాను. "వద్దండీ! ఆయన చెరువులోనే ఉన్నాడండీ!"

"ఎక్కడమ్మా? పిలిస్తే పలకలేదు!"

"హెల్మెట్ ఇక్కడుందండీ! అది లేకుండా ఎవరి బండీ ఎక్కడండీ! టీకి కూడా వెళ్ళడండీ!"

ఇద్దరం కేకలు పెడుతూ గట్టు మీద పరిగెత్తాం. పక్క చెరువు ఏరేటర్ల హోరులో మా గోల ఎవరికి వినిపిస్తుంది? అవతలి చివర, ఆఖరి ఏరేటర్ చాటు నుంచి నాచు పట్టిన తలొకటి లేచింది. చేతులు రెండూ మోచేతుల దాకా రెక్కల మధ్యలోనే ఉన్నాయి.

"ఆయ్, ఏవైందండీ? తాడు చుట్టుకుందండి. వచ్చేస్తన్నానండి."

జనార్దన్‌గారు ఆ బురదలోనే కూలబడిపోయారు. తర్వాత లేచి షెడ్డులోకి వెళ్ళి, ఆ కొత్త జత పీకి తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "నీ దగ్గరే ఉంచమ్మా. నేనడిగినా ఇవ్వకు" అన్నారు.

మా ఆయన పైకొచ్చి, మొలలోంచి ఫ్యూజులు తీసి బోర్డుకి పెట్టాడు. ఏరేటర్లు తిరిగాయి, రొయ్యలు మళ్ళీ అడుక్కి దిగాయి. "క్యారేజీ ఏదే?" అని అడిగాడు మహానుభావుడు. తడి తువ్వాలుతో నాలుగు బాది, ఆ తువ్వాల్లోనే మొహం పెట్టుకొని ఏడ్చాను.

మర్నాడు వంటింట్లో బల్బు మాడిపోతే మార్చాడు. మార్చి టీకి వెళ్ళాడు. మిక్సీ నొక్కితే చప్పుడు లేదు. మూల పడి ఉన్న రోలు కడిగి, పచ్చడి నూరుతూ కూర్చున్నాను. ఎదురింటి వరహాలమ్మ పిన్నిగారు తొంగిచూసి, "ఏవే, కరెంటు పోయిందా?" అని అడిగింది.

"పోలేదండీ పిన్నిగారూ, మా ఆయన పట్టుకెళ్ళేడు" అన్నాను. "పట్టుకెళ్ళనివ్వండి. ఇంటికొస్తాడు కదా."