నెత్తి మీద లైటు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఉండేది కాదు. ఎవరైనా నోరు తెరిచి ఒక సందేహం అడిగితే చాలు, అడిగింది నన్ను కాకపోయినా జవాబు నేనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి గానీ ఆ రోజుల్లో అదే పెద్దరికం అనుకునేవాణ్ణి. సరిగ్గా అటువంటి సమయంలో నా చేతికి మౌంటెన్ సైకిలు వచ్చింది. (ఖరగ్‌పూర్‌లో మౌంటెన్ ఎక్కడుందని అడక్కండి. అప్పటికి నేనెక్కిన అతి పెద్ద ఎత్తు మా స్టేషన్లోని మెట్ల వంతెన.) కొండలు లేకపోతేనేం, ఊరు దాటితే ఎర్ర మొరం బాటలు, సాలచెట్ల తోపులు, వాన నీటికి కోసుకుపోయిన గట్లు బోలెడున్నాయి. వాటికి లావు చక్రాలు కావాలని ఇంట్లో వాదించి గెలిచాను. మాది న్యూ సెటిల్‌మెంట్, రైల్వే క్వార్టర్ల పేట. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, నేనూ అక్కడే కొత్తగా చేరాను.

మా సైకిలు జట్టు చాలా చిన్నది. ముందుండి నడిపించేది మాస్టర్ దాదా, బెంగాలీ ఆయన, బళ్ళో లెక్కలు చెప్పేవారు. ఖరిదా బజారులో బట్టల కొట్టున్న అన్నదమ్ములిద్దరు మన తెలుగువాళ్ళే, ఒకడు నవ్వడం మొదలుపెడితే రెండోవాడు పూర్తి చేసే రకం. వీళ్ళు కాక ఒక అమ్మాయి. పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో మట్టి మీద పరిశోధన చేస్తుండేది. సొంతూరు వరంగల్ కాబట్టి మేమంతా ఆమెను వరంగల్ అనే పిలిచేవాళ్ళం. మొదటిరోజు నేను "ఏటండీ, మీరు తెలుగోల్లా?" అని అడిగితే ఆమె నా మొహం చూసి, "మీది తెలుగేనా అన్నా?" అంది. ఆ 'అన్నా' దగ్గర నా గుండె కొంచెం జారింది. కానీ వాళ్ళ వైపు ఆటో ఆయన్నీ కూరగాయల ఆయన్నీ కూడా అన్నా అనే పిలుస్తారని, అది మాట వరసే తప్ప చుట్టరికం కాదని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. (ఆ వయసులో నేను నాకు నచ్చచెప్పుకోలేని విషయం లేదు.)

మా వైపు చలికాలంలో పొద్దు తొందరగా కుంకుతుంది. నేను వర్క్‌షాపు నుంచి ఇంటికొచ్చి టీ తాగేసరికి బయట చీకటి. అందుకని ఇకపై చీకట్లోనే తొక్కుదామని, అందరూ మంచి లైట్లు కొనుక్కోవాలని దాదా చెప్పారు. లైట్లలో రెండు రకాలు. ఒకటి హ్యాండిలుకు బిగించేది, రెండోది హెల్మెట్‌కు తగిలించేది. రెండూ ఉంటే మంచిది, ఒకటే కొనేట్టయితే ముందు హ్యాండిల్ది కొనండి అన్నది దాదా సలహా. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వరంగల్ నా వైపు తిరిగి "మీరేమంటరు అన్నా, ఏది తీస్కోవాలె?" అని అడిగింది.

నేను అప్పటికే కొన్ని వారాలుగా ఫోన్లో ఇవే వీడియోలు చూస్తున్నాను. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, వెలుతురు వెడల్పుగా పరుచుకోవాలా సన్నగా దూరం పోవాలా, వానలో తడిస్తే ఏమవుతుంది, అన్నీ వరసపెట్టి చెప్పాను. చివర గొంతు పెంచి, "సూడండి, హ్యాండిల్ లైటు సైకిలెటు తిరిగితే అటే సూస్తాది. అదే హెల్మెట్ లైటనుకోండి, మనమెటు సూస్తే అటే వెలుతురు. మలుపులో ముందే తిరుగుతాది. నేనైతే అదే కొంతాను," అన్నాను. ఆమె మొత్తం శ్రద్ధగా విని, తలూపి, మర్నాడు హ్యాండిల్ లైటు కొనుక్కుంది. అన్నదమ్ములూ అదే కొన్నారు. నేను మాత్రం అన్న మాట మీద నిలబడి, ఉన్నవాటిలోకెల్లా గట్టి వెలుతురున్న హెల్మెట్ లైటు తెప్పించాను.

దాన్ని ఇంట్లో పరీక్షించడం ఇంకో ముచ్చట. లుంగీ మీదే హెల్మెట్ పెట్టుకుని లైటు వేసి వరండాలోకి వస్తే, కుర్చీలో కునుకు తీస్తున్న నాయనమ్మ ఉలిక్కిపడి లేచి, "ఓలమ్మ, రైలొచ్చేసినాదే!" అని చేతిసంచీ కోసం వెతుక్కుంది. భోజనాల దగ్గర కూడా నేను దాన్ని తియ్యలేదు. అమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "తింటన్నపుడైనా తియ్యవేట్రా? పప్పులో ఏటేసినానో లైటేసి ఎతుకుతావా?" అని కసిరింది. నాన్న తాపీగా చారు పోసుకుంటూ, "ఇంజినుకి లైటు ముందుంటాది గానీ డ్రైవరు నెత్తి మీదుంటాదేట్రా?" అన్నారు. ముప్ఫయ్యేళ్ళు ఇంజిన్ల మధ్య ఉన్నా ఈయనకు కొత్త సంగతులు తెలియవు పాపం అనుకుని జాలిపడ్డాను.

మొదటి చీకటి ప్రయాణానికి వరసగా బయల్దేరాం. ముందు దాదా, వెనక వరంగల్, ఆమె వెనక నేను, నా వెనక అన్నదమ్ములు. (ఆ వరస ఎవరు ఏర్పాటు చేశారని అడిగితే, నేనే.) ఊరి దీపాలు వెనక్కి పోయి సాలచెట్ల మధ్యకు వచ్చేసరికి నా లైటు ప్రతాపం తెలిసింది. చెట్టు వైపు చూస్తే చెట్టు, పుట్ట వైపు చూస్తే పుట్ట, పగటిలాగా వెలిగిపోతున్నాయి. కానీ ఒక విషయం నేను ఏ వీడియోలోనూ వినలేదు. నెత్తి మీద లైటున్నవాడు ఎటు చూస్తున్నాడో వెనకున్నవాళ్ళకు కూడా తెలిసిపోతుంది! పళ్ళెమంత తెల్లటి గుండ్రని వెలుతురు ఒకటి వరంగల్ వీపు మీద పడుతోంది. నేను గాభరాగా తల పక్కకు తిప్పితే అది ఒక చెట్టు మీదికి పోతుంది, కాసేపటికి ఏ పనీ లేనట్టు నెమ్మదిగా నడుచుకుంటూ మళ్ళీ ఆమె జడ మీదికి వచ్చి ఆగుతుంది. వెనక నుంచి ఒకడు కిసుక్కున నవ్వాడు, రెండోవాడు పూర్తి చేశాడు. నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు నేను దాదాతో టైర్లలో గాలి గురించి మాట్లాడుతున్నాను, వెలుతురు మాత్రం ఆమె మొహం మీద ఉంది. "అన్నా, జర లైటు పక్కకు తిప్పుండ్రి, కండ్లు పోతున్నయ్," అంది. దాదా నా భుజం తట్టి, "ఆరే భాయ్, సామ్‌నే దేఖో," అన్నారు. ముందు చూడమని దాని అర్థం. నేను ముందే చూస్తున్నాను, అదే కదా బాధ.

ఆ తరవాత దారిలో మొరం తవ్వుకుపోయిన పెద్ద గొయ్యి ఒకటుంది. దాదా ముందే హెచ్చరించి ఎడమకు తిరిగారు. ఆమె కూడా చక్కగా ఎడమకు తిరిగింది. నా తల కూడా ఆమెతో పాటే ఎంతో అందంగా ఎడమకు తిరిగింది, తలతో పాటు లైటూ తిరిగింది. సైకిలుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నన్ను మోసుకుంటూ నేరుగా చీకట్లోకి వెళ్ళి గొయ్యిలో దిగింది. నడుము లోతు నీళ్ళు, అడుగున జిగట మన్ను, పైన చలి. (లైటు నీళ్ళలో తడిసినా ఏమీ కాదని నేను చెప్పింది ముమ్మాటికీ నిజం. అది నా కంటే ధైర్యంగా వెలుగుతూనే ఉంది.)

అందరూ గట్టు మీదికి పరుగెత్తుకొచ్చారు. వరంగల్ అందరి కంటే ముందు జారుకుంటూ దిగి, "అన్నా, దెబ్బలు తగిలినయా? చెయ్యి ఇయ్యుండ్రి," అంది. నేను తలెత్తాను. లైటు మళ్ళీ సరిగ్గా ఆమె మొహం మీదే పడింది. అప్పుడామె కోప్పడలేదు. ఒక చెయ్యి నాకిచ్చి రెండో చెయ్యి నా నుదుటి పైన లైటుకు అడ్డం పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి కాంతి వచ్చింది. నేనలా నీళ్ళలో వణుకుతూ నిలబడి ఆ వేళ్ళనే చూస్తుంటే పైనుంచి దాదా "జీవించి ఉన్నాడా?" అని బెంగాలీలో అడుగుతున్నారు.

తిరుగుదారిలో టీ కొట్టు దగ్గర ఆగాం. నేను లైటు ఆర్పేసి, బురద బట్టలతో బల్ల చివర కూర్చున్నాను. ఆమె తన గ్లాసు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. "అన్నా, ఒక మాట చెప్పాలె. నాకు తెల్సు," అంది.

"ఏటి తెలుసండీ?"

"అందరికీ తెల్సు. లైటున్నది గదా." గ్లాసు బల్ల మీద పెట్టి, "మా ఊళ్ళ ఒకాయన ఉన్నడు. నా చదువైనంక మా పెండ్లి. మీరు మంచోళ్ళు, మీకు ముందే చెప్పకుంటే నాదే తప్పయితది," అంది.

నేను గ్లాసులోకి చూస్తూ, "అబ్బే, నేనేటీ అనుకోలేదండీ, మలుపులు సూస్తన్నాను," అన్నాను. ఆమె నవ్వకుండా ఉండడానికి ఎంత కష్టపడిందో ఇప్పటికీ నాకు గుర్తు. కష్టపడి కూడా నెగ్గలేదు. ఆమె నవ్వితే నాకూ నవ్వొచ్చింది, ఏడుపు రావలసిన చోట నవ్వు రావడం నాకదే మొదలు.

మోకాలు నొప్పని చెప్పి రెండు వారాలు ఇంట్లో దాక్కున్నాను. ఆ తరవాతి ఆదివారం ఆమె అన్నదమ్ముల్ని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చేసింది. నేను గదిలో మోకాలికి గుడ్డ చుట్టుకుని కుంటడం అభ్యాసం చేసి బయటికి వచ్చేసరికి, ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని అమ్మ చేసిన చేపల పులుసుతో అన్నం తింటోంది. హాస్టల్లో పోస్తో అనే గసగసాల కూర తిని తిని నాలుక చచ్చిపోయిందట. అమ్మ "పాపం పిల్ల, ఎముకలు తేలిపోయినాయి, ఇంకాస్త ఎయించుకో తల్లీ," అంటోంది. నా మోకాలి సంగతి ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె అమ్మను అమ్మా అనీ, నాయనమ్మను నాయనమ్మా అనీ పిలవడం మొదలుపెట్టింది. అంటే నన్ను పిలిచే అన్నా కూడా మాట వరస కాకుండా పోయింది. మర్నాటి నుంచి మళ్ళీ తొక్కడానికి వెళ్ళాను. వరసలో అందరికంటే ముందు, దాదా పక్కన.

ఆమె పెళ్ళికి మేమంతా వరంగల్ వెళ్ళొచ్చాం. ఇప్పుడూ అప్పుడప్పుడు అమ్మకు ఫోన్ చేసి పులుసులో చింతపండు ఎంతెయ్యాలో అడుగుతుంది. అమ్మ ఫోను నాకిస్తే, "అన్నా, ఇంకా తొక్కుతున్నరా?" అంటుంది. తొక్కుతున్నానని చెబుతాను. నిజమే, తొక్కుతున్నాను. ఇప్పుడు బుద్ధిగా దారిని చూస్తాను, గోతుల్లో పడను, నా చూపు ఎటు పోతోందో ఇంట్లో మా ఆవిడకు కూడా తెలియనివ్వను. కానీ చలికాలం సాయంత్రాలు ఆ సాలచెట్ల మధ్య నుంచి వస్తున్నప్పుడు ఆ ఇరవైమూడేళ్ళ వెర్రివాడు గుర్తుకొస్తాడు. మనసులో ఉన్నదంతా ఊరికి కనబడేలా వెలిగించుకుని తిరిగాడు, అదంతా దాచేశాననే అనుకున్నాడు. వాడెదురైతే నాలుగు చివాట్లు పెట్టాలని చాలాసార్లు అనుకున్నాను. ఈ మధ్య మాత్రం, ఊరికే కాసేపు వాడితో పాటు తొక్కితే బాగుండుననిపిస్తోంది.